కర్ర అయిపోతోంది

కొండపల్లి బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని బొమ్మ తయారవడం చూశాను. పెద్దాయన చేతిలో జానెడు కర్ర ముక్క ఉంది. తెల్లగా, మీగడ రంగులో మెరుస్తోంది. పట్టుకుని చూడమని నా చేతికిచ్చారు. కర్ర కదా, బరువుంటుందని చెయ్యి బిగించి అందుకున్నాను. దూదిలా తేలిపోయింది. గోటితో నొక్కితే గుంట పడింది. అదే తెల్లపొణికి.

ఆయన చెక్కుతుంటే రాలిన పేళ్లను ఊడ్చి పారెయ్యలేదు. వేలెడంత ఉన్నవన్నీ ఏరి పక్కనున్న వెదురు తట్టలో వేసుకున్నారు. చిలక ముక్కుకు, ఏనుగు చెవికి, తాడెక్కే గీతకార్మికుడి ముంతకు పనికొస్తాయట. ఒకప్పుడు ఆ పేళ్లు పొయ్యిలోకి పోయేవి. కర్ర ఎంత ఉందండీ అని అడిగితే గోడవారగా నిలబెట్టిన నాలుగైదు దుంగలు చూపించారు. మళ్లీ ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో తెలియదు. పెళ్లికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికి రెండు వందల అంబారీ ఏనుగులు కావాలని హైదరాబాదు నుంచి ఎవరో అడిగారట. ఒప్పుకోలేకపోయానని చెప్పారు. చేసే చేతులున్నాయి, ఇంట్లో నలుగురికీ పని వచ్చు. కర్ర లేదు.

ఆ తట్ట చూసిన దగ్గర్నుంచి నాకు మనసు కుదురుగా లేదు.

మన చేతికళలు కొడిగడుతున్నాయన్న మాట ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. విని విని చెవులకు అలవాటైపోయింది. చెప్పే కారణాలు కూడా అలవాటైనవే: ఆదరణ లేదు, ప్లాస్టిక్ వచ్చిపడింది, పిల్లలు ఈ పని నేర్చుకోవడం లేదు. వాటిలో నిజముంది. కానీ ఇప్పుడు ముంచుకొస్తున్నది వేరే ముప్పు. గిరాకీ ఉంది, పనివాడున్నాడు, పనిముట్లున్నాయి, బ్యాంకులో అప్పు కూడా పుడుతోంది. చెట్టే లేదు. అప్పు రేపు తెచ్చుకోవచ్చు, గిరాకీ ఎల్లుండి పెంచుకోవచ్చు. చెట్టును మాత్రం రాత్రికి రాత్రి తెచ్చుకోలేం. పదేళ్ల తర్వాత కర్ర కావాలంటే ఈ ఏడు మొక్క నాటి ఉండాలి. నాటలేదంటే, ఆనాడు ఎన్ని కోట్లు గుమ్మరించినా కొండపల్లి బొమ్మ మ్యూజియంలో అద్దాల వెనక తప్ప కనిపించదు. ఆలస్యానికి ఇక చోటు లేదు కాబట్టే ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

పొణికి కాకపోతే ఇంకో కర్ర వాడుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేనూ అడిగాను. టేకు ఉంది, వేప ఉంది, జామాయిల్ ఉంది. ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే బొమ్మ ఎలా పుడుతుందో చూడాలి.

దుంగను కావలసిన కొలతకు ముక్కలుగా కోసుకుంటారు. సన్నని సెగ మీద వేడి చేసి లోపలి తేమంతా లాగేస్తారు. తేమ మిగిలితే బొమ్మ నాలుగు నెలలకే వంకర తిరుగుతుంది, పురుగు పడుతుంది. తర్వాత ఉలి, ఆకురాయి పట్టుకుని మొండెం ఒకటి, చేతులు వేరే, కాళ్లు వేరే, తలపాగా వేరే చెక్కుతారు. ఒక్క దుంగలోంచి మొత్తం బొమ్మను తీయడం కొండపల్లి పద్ధతి కాదు. విడివిడిగా చెక్కిన అంగాలను అతికిస్తారు. ఆ అతుకుకు వాడేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి నూరిన మక్కు. బంక అదే, మట్టి అదే. ముక్కు, పెదవి, చీర కుచ్చిళ్ల మడత లాంటి సన్నపు పనులు ఆ మక్కుతోనే దిద్దుతారు. ఆరిన తర్వాత సుద్ద పూత. దాని మీద రంగులు, మేకవెంట్రుకల కుంచెతో. చివరికి కళ్లు. కన్ను దిద్దేటప్పుడు ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. చెయ్యి ఒక్క పిసరు జరిగినా పల్లెపడుచు ముఖం మారిపోతుంది.

ఈ పనంతటికీ పొణికి కర్రే ఎందుకు కుదిరిందంటే, అది మెత్తన, కానీ పొడిగా రాలదు. ఉలి ఎటు తిప్పితే అటు తెగుతుంది, నిలువునా చీలిపోదు. పేడులా సన్నగా చెక్కినా నిలబడుతుంది. చింతగింజల మక్కును పీల్చుకుని పట్టేస్తుంది, సుద్దను పట్టుకుంటుంది. టేకు మీద ఇదే పని చేస్తే ఉలి మొద్దుబారుతుంది, బొమ్మ ఇటుకంత బరువెక్కుతుంది, రోజులో అయ్యే పనికి వారం పడుతుంది. జామాయిల్ ఎండితే పగుళ్లిస్తుంది. నాలుగు వందల ఏళ్ల పాటు ఒక చెట్టూ ఒక చెయ్యీ ఒకదానికొకటి అలవాటు పడ్డాయి. పనిముట్లు ఆ కర్రకు తగ్గట్టే తయారయ్యాయి, వేళ్లు కూడా ఆ కర్రకు తగ్గట్టే తిరుగుతాయి. ఈ పనివాళ్ల పూర్వీకులు 16వ శతాబ్దంలో రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారని చెప్పుకుంటారు. అంత దూరం నుంచి వచ్చి ఈ కొండ కింద ఎందుకు ఆగారో ఆ కర్ర ముక్క చేతిలో పెట్టుకుంటే అర్థమవుతుంది. రెడ్డిరాజుల కోట ఉండటం ఒక కారణమైతే, కోట చుట్టూ ఉన్న అడవిలో పొణికి ఉండటం ఇంకో కారణం అయి ఉంటుందని నా నమ్మకం.

ఆ అడవి ఇప్పటికీ ఉంది. కొండపల్లి రిజర్వు ఫారెస్టు సుమారు 30 వేల ఎకరాలు. ఒక పక్క విజయవాడ పెరిగి పెరిగి కొండల దాకా వచ్చింది. ఇంకో పక్క ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, పరిశ్రమలు. కొండల్లో రాయికి, గ్రావెల్‌కు ఉన్న గిరాకీ సంగతి ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు. వీటన్నిటి మధ్యా అడవి మిగిలింది గానీ అందులో కోతకొచ్చిన పొణికి పెద్దగా మిగల్లేదు.

ఎందుకు మిగల్లేదు? నరికారు కాబట్టి అనేస్తే సగమే చెప్పినట్టు. పొణికి రాతి కొండల మీద, ఎండు అడవుల్లో పెరిగే చెట్టు. దాని గింజ పెంకు గట్టిది. రాలిన గింజల్లో మొలకెత్తేవి తక్కువ, మొలిచినవాటిలో ఎండాకాలం మంటను, మేకల నోటిని తప్పించుకుని చెట్టయ్యేవి ఇంకా తక్కువ. అడవికి దాని లెక్క దానికుంటుంది. పదిమంది పనివాళ్లు ఏటా కొన్ని చెట్లు తీసుకుంటే ఆ లెక్క తప్పదు. కాయ కాసే ముదురు చెట్లనే మొదలంటా కొట్టుకుంటూ పోతే, గింజ రాల్చే తల్లి లేక వెనకాల మొలక రాదు. కొన్ని తరాలుగా జరిగింది ఇదే. తీసుకోవడమే గానీ పెట్టడం జరగలేదు. ఇందులో పనివాళ్ల తప్పుంది, కర్ర తెచ్చి అమ్మినవాళ్ల తప్పుంది, బొమ్మ కొని కొలువులో పెట్టుకుని అది ఏ చెట్టుదో ఏనాడూ అడగని మనందరి తప్పూ ఉంది.

చట్టం సంగతి చూడండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం ఉండాల్సిందే. అది లేకపోతే ఈపాటికి ఆ కొండలు బోడిగుండ్లయ్యేవి. కానీ బొమ్మ చేసేవాడికి అడవి మూసుకున్నప్పుడు, ఇంకో తలుపు తెరవాలి. తెరవకపోతే ఏమవుతుంది? ఎవరో ఎక్కడి నుంచో చీకటిపూట కర్ర తెస్తారు, అడిగిన ధర పెట్టి ఇతను కొంటాడు. కొన్న దుంగకు రసీదు ఉండదు. రాష్ట్రం పేరు నిలబెడుతున్న కళాకారుడు తన ఇంట్లో ఉన్న కర్ర ముక్కను చూసి తానే భయపడే పరిస్థితి. ఢిల్లీలో అతని బొమ్మను అతిథుల చేతిలో పెడతాం, ఊళ్లో అతని దుంగ దొంగసరుకవుతుంది. ఇంతకంటే బాధపడాల్సింది ఏముంటుంది?

ఇది కొండపల్లి ఒక్కదాని గొడవైతే స్థానిక సమస్య అని సరిపెట్టుకోవచ్చు. నిర్మల్ వెళ్లండి. అక్కడా బొమ్మకు పొణికే. అక్కడి బొమ్మల పనివాళ్లు నకాషీలు చేసే ఆ సీతాఫలం, జామపండు, మిరపకాయ చూసి పిల్లలు నోట్లో పెట్టుకోబోతారు, అంత సహజంగా ఉంటాయి. చుట్టూ ఆదిలాబాద్ అడవులున్న ఊరది. అలాంటి ఊళ్లో కర్ర కొరత అంటే నమ్మబుద్ధి కాదు. కానీ నిజం. కొండపల్లికీ నిర్మల్‌కూ మధ్య ఇప్పుడు రాష్ట్ర సరిహద్దు ఉంది, కర్ర కరువుకు లేదు.

ఏటికొప్పాక కథ కొంచెం వేరు. అక్కడ అంకుడు కర్ర. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. మన ఆడపిల్లలు ఆడుకున్న లక్కపిడతలు, పిల్లలు తిప్పిన బొంగరాలు ఆ ఊరి లేతుల మీద తిరిగి వచ్చినవే. తిరుగుతున్న అంకుడు ముక్కకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఎండిన మొగలి ఆకును అదిమి పట్టి మెరుగు పెడతారు. ఆ మెరుపు ఏళ్లు గడిచినా పోదు. రసాయన రంగుల్లో సీసం ఉందన్న కారణంతో ఒకప్పుడు విదేశీ మార్కెట్టు తలుపులు మూసుకుంటే, ఆ ఊరి సి.వి. రాజు గారు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి మొక్కల రంగులను లక్కతో కలిపే పద్ధతిని మళ్లీ పట్టుకొచ్చారు. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆ ఊరి పేరు చెప్పారు. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఏటికొప్పాక బొమ్మల శకటం కర్తవ్యపథ్ మీద నడిచి మూడో బహుమతి తెచ్చింది. ఇంతకంటే పేరు ఏ చేతిపనికి వస్తుంది? అయినా అక్కడి పనివాళ్లతో పది నిమిషాలు మాట్లాడితే మాట తిరిగి తిరిగి అంకుడు దగ్గరికే వస్తుంది. దగ్గరి కొండల్లో దొరికేది తగ్గింది, దూరం నుంచి తెచ్చుకోవాలి, వచ్చినా లేత కర్ర వస్తోంది. లేత కర్ర ఆరకముందే లేతు ఎక్కిస్తే బిరడా వదులైపోతుంది, మూత కుదరదు. కొన్నవాడు పనివాణ్ని తిట్టుకుంటాడు.

అంకుడులో ఒక మంచి గుణముంది. మోడుగా కొడితే మళ్లీ చిగురు వేస్తుంది. మొదలు మీద కాస్త ఎత్తు వదిలి కోస్తే అదే చెట్టు మళ్లీ మళ్లీ కర్రనిస్తుంది. కర్ణాటకలో చెన్నపట్న బొమ్మలకూ ఇదే చెట్టు ఆధారం. కోసే పద్ధతి నేర్పి, కోసిన మోడును నాలుగేళ్లు మేకల నుంచి కాపాడితే సగం దారి వచ్చేసినట్టే. పొణికి విషయంలో అంత వెసులుబాటు లేదు. దానికి నర్సరీ కావాలి, ఓపిక కావాలి, ముందుచూపు కావాలి.

బొమ్మల దగ్గరే ఆగిపోతే విషయం చిన్నదవుతుంది. ఏ చేతికళ వేరు పట్టుకుని లాగినా అది ఒక చెట్టు దగ్గరికో ఏటి దగ్గరికో మట్టి దగ్గరికో పోతుంది. బొబ్బిలి వీణ ఒకే పనస మానులోంచి తొలిచిన ఏకాండి. ముదురు పనస లేకపోతే గొల్లపల్లిలో ఆ ఉలి చప్పుడు ఆగిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీకి కరక్కాయ, పాలు ఎంత ముఖ్యమో స్వర్ణముఖి పారే నీళ్లూ అంతే ముఖ్యం. ఏరు ఎండితే రంగు తేలదు. బీదరులో బిద్రీ పాత్రకు నల్లదనం వచ్చేది ఆ కోటలో తీసిన మట్టితోనే. ఈ సంగతులు ఎప్పుడూ కళల గురించిన సభల్లో వినిపించవు. కళాకారుడికి శాలువా కప్పుతాం, కింద నేల ఎండిపోతున్నదన్న మాట ఎవరూ ఎత్తరు.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని నేను అనడం లేదు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలు మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. 2020 ఫిబ్రవరిలో దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి నుంచి ప్రతి బొమ్మకూ బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసినప్పుడు, నమోదైన చేతివృత్తుల వారికీ భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. అది లేకపోతే ఈ ఊళ్లు ఆ ఏడాదే మూతపడేవి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు. మంచి పథకాలే. వీటివల్ల బజారు పెరిగింది, ధర పలుకుతోంది, కుర్రాళ్లలో కొందరు మళ్లీ పనిలో కూర్చుంటున్నారు.

ముప్పు సరిగ్గా అక్కడే ఉంది. గిరాకీ పెరిగే కొద్దీ మిగిలిన నాలుగు చెట్ల మీద గొడ్డలి వేగం పెరుగుతుంది. కొత్త ఉలి కొనిచ్చి చెక్కడానికి కర్ర చూపించకపోవడం, నాగలి ఇచ్చి పొలం ఇవ్వకపోవడం లాంటిది. అప్పు తీసుకున్న కుర్రాడు కర్ర దొరక్క ఆరు నెలలు ఖాళీగా కూర్చుంటే వాయిదా ఎక్కడి నుంచి కడతాడు? ఉద్ధరించడానికి ఇచ్చిన అప్పే మెడకు చుట్టుకుంటుంది. భౌగోళిక గుర్తింపు కాగితాన్ని పదేళ్లకోసారి కొత్తగా రాయించుకోవాలి. కాగితం కొత్తదవుతుంది సరే, అందులో రాసిన కర్ర ఆనాటికి కొండ మీద ఉంటుందా? బొమ్మల పథకాల్లో చెట్టుకు ఒక పద్దు ఉండాలి. ఉలికి ఉన్నట్టు, అప్పుకు ఉన్నట్టు.

మొక్కలు నాటుతున్నామన్న మాటలు అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంటాయి. సంతోషం. నా ప్రశ్న నాటిన రోజు గురించి కాదు. మూడో వేసవి దాటాక ఎన్ని బతికాయి? ఎవరు నీళ్లు పోశారు? ఆ చెట్టు చేతికొచ్చిన నాడు కర్ర ఎవరికి, ఏ ధరకు, ఏ కాగితం మీద ఇస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టకుండా నాటిన మొక్క ఫొటోకే పనికొస్తుంది.

ఇది అసాధ్యమని ఎవరైనా అంటే కృష్ణా, ప్రకాశం జిల్లాల రోడ్ల పక్కన చూడమనండి. సుబాబుల్, జామాయిల్, సవక తోటలు ఎకరాలకు ఎకరాలు కనిపిస్తాయి. అవి అడవిలో వాటంతటవి మొలిచినవి కావు. పేపరు మిల్లులకు కర్ర కావాలి కాబట్టి మొక్కలిచ్చారు, కొంటామని మాటిచ్చారు, రైతులు వేశారు. ధరల దగ్గర ఎన్ని గొడవలున్నా కర్ర మాత్రం తయారైంది. కాగితానికి కర్ర పండించగలిగిన రైతు బొమ్మకు పండించలేడా? బొమ్మకు కావలసింది మిల్లుకు కావలసినదాంట్లో పిసరంత. ఏటా ఒక ఊరికి ఎన్ని దుంగలు కావాలో పనివాళ్లు కూర్చుని పూటలో లెక్క చెప్పగలరు. ఆ లెక్క ఇంతవరకు వాళ్ల నుంచి ఎవరైనా కాగితం మీద రాయించుకున్నారా అన్నది నా అనుమానం. రాయించుకుని ఉంటే దాన్ని పనివాళ్ల ముందు పెట్టండి, బయటపెట్టండి.

పొణికి పంట పెట్టే రైతుకు భయం ఒకటుంది. పట్టా భూమిలో పెంచిన చెట్టును కొట్టాలన్నా, లారీలో వెయ్యాలన్నా ఎన్ని ఆఫీసులు తిరగాలోనని. ఆ భయం తీర్చకపోతే ఒక్క గట్టు మీద కూడా మొక్క పడదు. బొమ్మల కోసం పెంచిన పొణికి, అంకుడు చెట్ల కోతకు, రవాణాకు ఒకే చోట, ఒకే కాగితంతో అనుమతి దొరికే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాలూ చెయ్యాలి. బొమ్మల కాలనీలో, ఏటికొప్పాకలో, నిర్మల్‌లో కర్ర డిపో పెట్టాలి. అటవీశాఖ కూపుల్లో వచ్చిన కర్రగానీ, రైతు తోటలో వచ్చిందిగానీ అక్కడికే రావాలి. నమోదైన పనివాడికి తూకం వేసి, రసీదు ఇచ్చి, ముందుగా ప్రకటించిన ధరకు అమ్మాలి. రసీదు ఉన్నవాడు పోలీసును చూసి తలుపు వెనక దాక్కోనక్కర్లేదు. దళారీ చేతిలో ధర పెరగదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ ఏడు ఎంత కర్ర వాడామో ఒక లెక్క మిగులుతుంది. లెక్క ఉంటేనే ఎన్ని మొక్కలు పెట్టాలో తెలుస్తుంది.

అడవిలో మిగిలిన ముదురు పొణికి చెట్లకు నంబర్లు వెయ్యాలి. వాటిని ఎవరూ ముట్టకూడదు, పనివాళ్లు కూడా. అవి విత్తనపు చెట్లు. ఈ మాట కొండపల్లిలో అన్నప్పుడు ఆ పెద్దాయన తల ఊపారు. ఇప్పుడు కడుపు మాడినా ఫర్వాలేదు, ఆ చెట్లు ఉండాలన్నారు. ఆయనకు డెబ్బై దాటాయి. ఆ గింజలోంచి వచ్చే కర్రను ఆయన చెక్కబోరు.

కొనేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. కర్ర కొరత ఉన్నచోట నకిలీ తప్పకుండా దూరుతుంది. ఒక యాత్రాస్థలంలో కొండపల్లి బొమ్మని చెప్పి ఒక దుకాణంలో నాకు ఎడ్లబండి అంటగట్టారు. ఇంటికొచ్చి చూస్తే బండి చక్రం అంచున అచ్చు గీత ఉంది. కర్రే కాదది, అచ్చులో పోసిన రెసిన్. అలాంటివి పది తీసి వరసగా పెడితే పది ఎడ్లూ ఒకే వైపు ఒకేలా చూస్తుంటాయి. చేతితో చెక్కినవాటిలో ఏ రెండు ఎడ్లకూ ఒకే చూపు ఉండదు. కొనేముందు బొమ్మను చేతిలోకి తీసుకోండి. తేలిగ్గా ఉండాలి. అడుగు భాగం చూడండి. రంగు వెయ్యని చోట కర్ర తెల్లగా కనిపించాలి. చేతులు, కాళ్లు అతికిన చోట మక్కు గుర్తు లీలగా తెలుస్తుంది, అది లోపం కాదు, చేతిపని సంతకం. ఏటికొప్పాక బొమ్మైతే లక్క కింద కర్ర చార కనిపిస్తుంది, గీరినా రంగు పొరలుగా లేవదు. పసిపిల్లలకు కొంటే మొక్కల రంగులు వాడినవేనా అని అడిగి తీసుకోండి. పిల్లలు ఏదైనా ముందు నోట్లోనే పెట్టుకుంటారు.

నకిలీ కొన్న ప్రతిసారీ డబ్బు మనదొక్కటే పోతుందనుకుంటాం. అసలు బొమ్మ చేసినవాడు ఆ ధరకు ఇవ్వలేక పని మానేస్తాడు. పని మానేసినవాడు కర్ర అడగడు. కర్ర అడిగేవాడు లేకపోతే మొక్క నాటమని ఎవరూ ఎవరినీ అడగరు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు దసరా కొలువుకు పెట్టెలకు పెట్టెలు తెప్పించుకుంటున్నారు. అంత దూరాన ఉండి ఈ బొమ్మను మరవని ఆ అభిమానానికి దండం పెడుతున్నాను. వచ్చే కొలువుకు ఆర్డరు ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న కలపండి: ఈ బొమ్మ ఏ ఊళ్లో ఎవరు చేశారు, కర్ర ఎక్కడిది? అమ్మేవాడు జవాబు చెప్పలేకపోతే ఇంకొకరి దగ్గర కొనండి. వంద మంది అడిగితే ఆ ప్రశ్న వ్యాపారి దగ్గర నుంచి కాలనీకి, కాలనీ నుంచి కలెక్టరు బల్ల మీదికి వెళ్తుంది.

మా ఇంట్లో అమ్మమ్మ కొలువుపెట్టెలో ఒక అంబారీ ఏనుగు ఉండేది. తొండం చివర విరిగింది, రంగు వెలిసింది, అయినా ఏటా సంక్రాంతికి పై మెట్టు మీద దానికే చోటు. ఇప్పుడు మా అక్క దగ్గర ఉంది. కాలనీకి తీసుకెళ్లి ఆ తొండం అతికించమని అడిగాను. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగున గోటితో చిన్న గీత గీసి, వాసన చూశారు. ఇది కొండ మీది ముదురు కర్ర బాబూ, ఇలాంటిది నేను చూసి ఇరవై ఏళ్లయిందన్నారు. పక్కనున్న తట్టలో వెతికి, ఒక పేడు తీసి, తొండానికి కొలత చూసుకున్నారు.

తొలకరి ఇంకెన్నో వారాల దూరంలో లేదు. గింజ నానబెట్టి సంచుల్లో పెట్టాల్సిన పని వానలకు ముందే మొదలవ్వాలి. కొండపల్లి కొండ కింద ఒకటి, నిర్మల్ దగ్గర ఒకటి, వరాహ ఒడ్డున ఒకటి, మూడే మూడు నర్సరీలు. వాటికి కావలసిన నీళ్లు, కంచె, ఇద్దరేసి కావలివాళ్ల జీతం ఏ జిల్లా పద్దులోనైనా ఇమిడిపోతాయి. నాటే పనిని ఉపాధి హామీలో కలపవచ్చు, కాపలా పనిని బొమ్మల సంఘాలకే అప్పగించవచ్చు. ఇందుకు బాధ్యులైన అధికారి పేరు, మొదటి మొక్క నేలలో పడే తేదీ రెండు ప్రభుత్వాలూ ఈ నెలలోనే ప్రకటించాలి.